అమ్మిన ఇంట్లో అద్దెదారు: కౌలు, గడువు, నోటీసుల చరిత్ర

ఒక ఇల్లు గాని పొలం గాని అమ్ముడుపోయినప్పుడు బేరం కుదిరేది ఇద్దరి మధ్య అయినా దాని ఫలితం తరచు మూడో మనిషి మీద పడుతుంది. ఆ ఇంట్లో అద్దెకుంటున్నవాడు, ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్నవాడు ఆ బేరంలో ఎక్కడా కనిపించడు. విక్రయ పత్రం చెల్లడానికి అతని సంతకం సాక్షిగా కూడా అక్కరలేదు. అయినా రిజిస్ట్రేషన్ ముగిసిన మరునాటి నుంచి అద్దె ఎవరి చేతిలో పెట్టాలి, ఇంకా ఎన్నాళ్లు ఉండవచ్చు, ఖాళీ చేయమనే అధికారం ఎవరిది, అందుకు ఎంత వ్యవధి ఇవ్వాలి అనే ప్రశ్నలన్నీ అతని గుమ్మం ముందుకే వస్తాయి. ఈ ప్రశ్నలకు తెలుగు ప్రాంతాల్లో రెండు శతాబ్దాలుగా వచ్చిన జవాబులను వరుసగా పరిశీలిస్తే, చట్టం ఈ మూడో మనిషికి మొదట తెలుసుకునే హక్కును, తరువాత నిలిచి ఉండే వ్యవధిని, చివరకు కొన్నిచోట్ల ఆ ఆస్తిని తానే కొనుక్కునే అవకాశాన్ని ఇస్తూ వచ్చిందనీ, చట్టం ఇచ్చిన ప్రతిసారీ యజమానులు కాగితం మీది గడువును కుదించుకుంటూ పోయారనీ స్పష్టమవుతుంది.

కౌలు అనే మాట

ఈ చరిత్రలోని కీలకమైన ప్రశ్న 'కౌలు' అనే మాటలోనే దాగి ఉంది. అరబ్బీలో 'ఖౌల్' అంటే మాట, ఇచ్చిన మాట. పారశీక పరిపాలనా భాష ద్వారా దక్కనుకు చేరిన ఈ పదం మొదట సర్కారు తరఫున ఇచ్చే అభయపత్రానికి, అంటే కౌలునామాకు, పేరుగా ఉండేది. బీడు భూమిని సాగులోకి తెచ్చేవారికి తొలి ఏళ్లలో తక్కువ శిస్తు విధించి, ఏటేటా కొంత పెంచుతూ పూర్తి శిస్తుకు చేర్చే ఒప్పందాన్ని 'ఇస్తావా కౌలు' అనేవారు. కాలక్రమంలో ఈ పదం ప్రభుత్వానికీ రైతుకూ మధ్య ఉన్న సంబంధాన్ని దాటి, భూమి గలవాడికీ దున్నేవాడికీ మధ్య కుదిరే ఒప్పందానికి సాధారణ నామమైంది. నిర్ణీత మొత్తానికి భూమిని అప్పగించడాన్ని గుత్త అనీ, ఇళ్ల విషయంలో కోస్తాలో అద్దె అనీ, హైదరాబాదు రాజ్యంలో కిరాయి అనీ వ్యవహరించేవారు. హైదరాబాదు రెవెన్యూ పరిభాషలో పట్టాదారు కింద సాగు చేసేవాడిని 'శిక్మీదారు' అనేవారు. పారశీకంలో 'శికం' అంటే కడుపు, అంటే ఒకరి హక్కు కడుపులో ఇమిడి ఉన్న మరొకరి హక్కు అని దాని భావం. ఆ ఉపమానమే శిక్మీదారు బలహీనతను చెబుతుంది, ఎందుకంటే మోస్తున్న హక్కు చేతులు మారితే లోపలి హక్కు ఏమవుతుందన్నది దానిలో తేలదు.

కౌలు కేవలం ఒక మాటే అయితే, అది మాట ఇచ్చినవాడిని మాత్రమే బంధిస్తుందా, లేక ఆ ఆస్తిని ఎవరు తీసుకున్నా వారిని కూడా బంధిస్తుందా అన్నదే అసలు సమస్య. ప్రాచీన రోమన్ న్యాయం మొదటి జవాబును ఎంచుకుంది. భూమి కొన్నవాడు, పాత యజమాని పెట్టిన కౌలుదారును ఉండనిస్తానని కొనుగోలు షరతుల్లో ఒప్పుకుంటే తప్ప, అతన్ని కొనసాగించనవసరం లేదని 3వ శతాబ్దపు చక్రవర్తి అలెగ్జాండర్ సెవెరస్ పేరిట వెలువడి, తరువాత జస్టీనియన్ స్మృతిలో చేరిన ఒక శాసనం చెబుతుంది. వెళ్లగొట్టబడిన కౌలుదారు తనకు మాట ఇచ్చిన పాత యజమాని నుంచి నష్టపరిహారం అడగవచ్చు గాని, భూమిని మాత్రం నిలుపుకోలేడు. ఐరోపాలో తరువాతి కాలపు న్యాయవేత్తలు దీనిని 'అమ్మకం కౌలును విరుస్తుంది' అనే సూత్రంగా కుదించారు. జర్మనీలో 1888 నాటి పౌరస్మృతి ముసాయిదా ఈ సూత్రాన్నే అనుసరించగా, ఓటో ఫాన్ గియెర్కె వంటి పండితుల తీవ్ర విమర్శ తరువాత రెండో ముసాయిదాలో దానిని తలకిందులు చేసి, 1900లో అమలుకు వచ్చిన స్మృతిలో కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడని నిర్దేశించారు. ఇంగ్లండులో ఈ మార్పు శాసనసభల చర్చల వల్ల గాక న్యాయస్థానాల ఆచరణ వల్ల 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం చివరి వరకు నెమ్మదిగా జరిగింది. గడువు ఉన్న కౌలుదారు ఆ గడువు తీరేవరకు పరిహారాన్ని కాక భూమినే తిరిగి పొందవచ్చని అక్కడి కోర్టులు క్రమంగా అంగీకరించాయి. భారతదేశానికి శాసన రూపంలో వచ్చింది ఈ ఇంగ్లీషు సంప్రదాయమే.

జమీందారీ వేలాలు, రైతు హక్కు

ఆ సంప్రదాయం రాకముందే తెలుగు ప్రాంతాల్లో యజమాని మారడమనే సమస్య జమీందారీల రూపంలో పెద్ద ఎత్తున ఎదురైంది. 1802లో మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషన్ ద్వారా శాశ్వత శిస్తు విధానాన్ని తెచ్చినప్పుడు, ఉత్తర సర్కారుల జమీందార్లు ఏటా నిర్ణీత పేష్కష్‌ను, అంటే ప్రభుత్వానికి కట్టవలసిన కప్పాన్ని, చెల్లించాలనీ, చెల్లించకపోతే జమీందారీని వేలం వేయవచ్చనీ ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన 30వ రెగ్యులేషన్ జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలనీ, రైతు అందుకు బదులుగా ముచ్చలిక, అంటే అంగీకార పత్రం, రాసివ్వాలనీ నిర్దేశించింది. కాగితాల మార్పిడి వల్ల శిస్తు వివాదాలు తగ్గుతాయని పాలకులు ఆశించారు. అయితే పట్టా ఒకానొక జమీందారు చేతి మీదుగా వచ్చిన కాగితం కాబట్టి, జమీందారీ వేలంలో చేతులు మారినప్పుడు, కొత్తగా వచ్చినవాడు పాత పట్టాలోని శిస్తు రేటుకూ, రైతు కొనసాగింపుకూ ఎంతవరకు కట్టుబడి ఉంటాడన్న సందేహం పోలేదు. 1865 నాటి శిస్తు వసూలు చట్టం పట్టా, ముచ్చలికల మార్పిడిని మరింత కట్టుదిట్టం చేసినా, రైతు హక్కు స్వభావం ఏమిటన్న ప్రశ్నను కోర్టులకే వదిలింది.

దీనికి స్పష్టమైన జవాబు 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంతో వచ్చింది. చట్టం అమలుకు వచ్చే నాటికి జమీందారీలోని రైతు సాగుభూమి తన అధీనంలో ఉన్న రైతుకు శాశ్వత ఆక్రమణ హక్కు ఉంటుందని, అంటే వంశపారంపర్యంగా అనుభవించగల, బదిలీ చేసుకోగల హక్కు ఉంటుందని, ఆ చట్టం ప్రకటించింది. తెలుగునాట జిరాయితీ హక్కుగా ప్రసిద్ధమైన ఈ హక్కు ఏర్పడ్డాక, జమీందారీ ఎన్నిసార్లు చేతులు మారినా మారేది శిస్తు పుచ్చుకునే చెయ్యి మాత్రమే. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేనాటికి రైతు హక్కు జమీందారు ఇచ్చిన మాట మీద ఆధారపడి లేదు. అందుకే జమీందారు అనే మధ్యవర్తి తొలగిపోయినా రైతు భూమిలోనే నిలిచి, నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవాడయ్యాడు. యజమాని మార్పు నుంచి సాగుదారును కాపాడటానికి ఒప్పందాన్ని బలపరచడం కన్నా అతనికి చట్టబద్ధమైన హోదా కల్పించడమే సమర్థమైన మార్గమన్న పాఠం ఈ అనుభవం నుంచి తరువాతి శాసనకర్తలకు అందింది.

1882: కౌలు ఆస్తికి అంటుకోవడం

ఇళ్లు, దుకాణాలు, ఖాళీ స్థలాల విషయంలో మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు మౌలిక శాసనం 1882 జులై 1న అమలుకు వచ్చిన ఆస్తి బదిలీ చట్టం. వ్యవసాయ కౌళ్లను సాధారణంగా తన కౌలు అధ్యాయం పరిధి నుంచి తప్పించిన ఈ చట్టం, అమ్మకం తరువాతి పరిస్థితిని 109వ సెక్షన్‌లో వివరించింది. దాని సారాంశం ప్రకారం ఆస్తి కొన్నవాడికి పాత యజమానికున్న హక్కులన్నీ వస్తాయి. అద్దెదారు కోరితే పాత యజమాని బాధ్యతలు కూడా అతనికే సంక్రమిస్తాయి. అంటే 5 ఏళ్ల కౌలులో 2 ఏళ్లు గడిచాక ఇల్లు అమ్ముడైతే, ఒప్పందంలో వేరే షరతు లేనంతవరకు, కొన్నవాడు మిగిలిన 3 ఏళ్ల గడువును గౌరవించాలి. అమ్మకం కౌలును విరవదు. అది అద్దె అందుకునే మనిషిని మారుస్తుంది, అంతే. రోమన్ న్యాయం మనిషికి కట్టిన మాటను, ఈ సెక్షన్ ఆస్తికే కట్టింది.

ఇంగ్లండులో ఒకప్పుడు ఈ మార్పు చెల్లాలంటే 'అటార్న్‌మెంటు' జరగాలి, అంటే అద్దెదారు కొత్త యజమానిని తన యజమానిగా అంగీకరించాలి. 1705లో క్వీన్ ఆన్ కాలపు చట్టం ఆ అవసరాన్ని తొలగించింది. భారత చట్టం కూడా అద్దెదారు అంగీకారాన్ని కోరలేదు గాని, అతనికి తెలియకపోవడాన్ని మాత్రం పట్టించుకుంది. అమ్మకం జరిగిందని నమ్మడానికి తగిన కారణం లేకుండా అద్దెదారు పాత యజమానికే అద్దె కట్టి ఉంటే, కొత్త యజమానికి మళ్లీ కట్టనక్కరలేదని 109వ సెక్షన్ రక్షణ కల్పించింది. అమ్మకానికి ముందు పేరుకుపోయిన బకాయి, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, పాత యజమానికే చెందుతుందని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇల్లు అమ్ముడైన వెంటనే కొత్త యజమాని తరఫున వకీలు అద్దెదారుకు పంపే మొదటి ఉత్తరం అందుకే సాధారణంగా ఖాళీ చేయమనేది కాదు. విక్రయ పత్రం ఫలానా తేదీన రిజిస్టరైందనీ, ఇకపై అద్దె ఫలానావారికి చెల్లించాలనీ తెలియజేసే ఉత్తరం. ఆ ఉత్తరం అందిన క్షణం నుంచి అద్దెదారు 'నాకు తెలియదు' అనే కవచాన్ని కోల్పోతాడు.

తెలుసుకునే బాధ్యత కొన్నవాడి మీద కూడా పడింది. 1929లో చేసిన సవరణ ద్వారా చట్టంలోని నిర్వచనాలకు ఒక వివరణ చేరింది. దాని ప్రకారం ఆస్తిని కొనేవాడు, ఆ ఆస్తి వాస్తవంగా ఎవరి స్వాధీనంలో ఉందో వారికి గల హక్కు గురించి తెలిసినట్టే భావించబడతాడు. 1809లో ఇంగ్లండులోని ఒక ప్రసిద్ధ తీర్పు నాటి నుంచి అక్కడ స్థిరపడిన న్యాయానికి ఇది శాసన రూపం. ఇంట్లో మనిషి కాపురం ఉండగా, 'అతని కౌలు గడువు ఇంకా ఉందని నాకు చెప్పలేదు' అని కొన్నవాడు అనడానికి వీలు లేదు. తలుపు తట్టి అడగవలసిన పూచీ అతనిదే. అమ్మకందారు మౌనం అద్దెదారు గడువును కరిగించలేదు.

గడువు లేని కౌళ్లకు 106వ సెక్షన్ వర్తించింది. ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడు, వ్యవసాయానికీ వస్తువుల తయారీకీ ఇచ్చిన కౌలు ఏటేటా సాగే కౌలుగానూ, ఇతర అవసరాలకు ఇచ్చినది నెలనెలా సాగే కౌలుగానూ పరిగణించబడుతుంది. మొదటిదాన్ని ముగించడానికి 6 నెలల నోటీసు, రెండోదానికి 15 రోజుల నోటీసు కావాలి. నోటీసు రాతపూర్వకంగా ఉండి, దానిపై సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, చేతికివ్వవచ్చు, ఇంట్లోని కుటుంబ సభ్యులకో నౌకరుకో అందించవచ్చు, అదీ కుదరకపోతే ఆస్తిలో కొట్టొచ్చినట్టు కనిపించే చోట అతికించవచ్చు. గడువు ముందే రాసుకున్న కౌలు అయితే ఆ గడువు తీరగానే నోటీసు లేకుండానే ముగుస్తుంది. కానీ గడువు తీరాక కూడా యజమాని అద్దె పుచ్చుకుంటూ పోతే, 116వ సెక్షన్ ప్రకారం కౌలు కొనసాగింపుగా మారి మళ్లీ నోటీసు అవసరమవుతుంది.

106వ సెక్షన్ మూలపాఠంలో ఉన్న ఒక షరతు ఒక శతాబ్దానికి పైగా కోర్టులను పని చేయించింది. 15 రోజుల నోటీసు కౌలు నెల చివరితో ముగియాలని చట్టం కోరడంతో, కౌలు నెల ఏ రోజుతో ముగుస్తుందన్న లెక్కే వ్యాజ్యాల ప్రాణమైపోయింది. ఒక తేదీ 'నుంచి' మొదలయ్యే కౌలులో ఆ తొలి రోజును 110వ సెక్షన్ ప్రకారం లెక్కలోకి తీసుకోరాదని, కాబట్టి 1వ తేదీ నుంచి మొదలైన కౌలు నెల మరుసటి నెల 1వ తేదీ అర్ధరాత్రితోనే ముగుస్తుందని 1932లో ప్రీవీ కౌన్సిల్ తేల్చవలసి వచ్చింది. అంతకు ముందే 1918లో అదే న్యాయస్థానం, నోటీసులను తప్పులు వెతికే దృష్టితో కాక, అవి నిలబడేలా అర్థం చేసుకోవాలని చెప్పినా, ఒక్కరోజు తేడాతో దావాలు కొట్టివేయబడే పరిస్థితి దిగువ కోర్టుల్లో పోలేదు. 2002 డిసెంబర్ 31 నుంచి అమలుకు వచ్చిన సవరణ ఈ నెలాఖరు షరతును తీసివేసి, నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు లెక్కించాలనీ, నోటీసులో రాసిన వ్యవధి తక్కువైనా పూర్తి వ్యవధి గడిచాక దావా వేసి ఉంటే ఆ కారణంగా అది చెల్లకుండా పోదనీ నిర్ణయించింది.

అద్దె నియంత్రణ యుగం

గడువు తీరాక 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించగల యజమాని అధికారానికి మొదటి కళ్లెం రెండో ప్రపంచ యుద్ధం వేసింది. నగరాల్లో ఇళ్ల కొరత తీవ్రమవడంతో మద్రాసు ప్రభుత్వం 1941లో ఇళ్ల అద్దె నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిశాక దాని స్థానంలో 1946లోనూ, తిరిగి 1949లోనూ చట్టాలు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో 1954లో ప్రత్యేకంగా ఇళ్ల అద్దె, ఖాళీ, కౌలు నియంత్రణ చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెండు సంప్రదాయాలను కలిపి 1960లో భవనాల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టాన్ని తెచ్చారు. హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ మునిసిపాలిటీలకూ వర్తించిన ఈ చట్టం ప్రకారం, గడువు తీరడం ఒక్కటే ఖాళీ చేయించడానికి కారణం కాదు. యజమాని రెంట్ కంట్రోలర్ అనే అధికారి ముందు చట్టంలో పేర్కొన్న కారణాల్లో ఒకదాన్ని రుజువు చేయాలి. అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, భవనాన్ని పాడుచేయడం, యజమానికి స్వంతానికి అవసరమవడం వంటివి ఆ కారణాలు. యజమాని కావాలనే అద్దె తీసుకోక, అద్దెదారుపై ఎగవేతదారు ముద్ర వేయకుండా ఉండటానికి, అద్దెను మనియార్డరు ద్వారా పంపే మార్గాన్ని కూడా చట్టం చూపింది. ఎన్నో పాత వ్యాజ్యాల్లో 'తీసుకోలేదు' అన్న పోస్టుమాన్ రాతతో తిరిగివచ్చిన మనియార్డరు కాగితాలే అద్దెదారును నిలబెట్టాయి.

అమ్మకం విషయంలో ఈ చట్టం రెండు సూక్ష్మమైన ఏర్పాట్లు చేసింది. ఇల్లు కొన్నవాడు కొన్న వెంటనే 'నా కాపురానికే కావాలి' అని అద్దెదారును వెళ్లగొట్టకుండా, విక్రయ పత్రం రిజిస్టరైన నాటి నుంచి 3 నెలలు గడిస్తే తప్ప స్వంత అవసరం పేరిట దరఖాస్తు చేయరాదని నిషేధించింది. అద్దెదారును తొలగించాలనే ఉద్దేశంతోనే ఇల్లు అమ్మినట్టు చూపించే నామమాత్రపు బదిలీలకు ఇది ఒక చిన్న అడ్డుగోడ. రెండోది అద్దెదారుపై పడింది. యజమాని హక్కును సద్భావం లేకుండా నిరాకరించడమే ఖాళీ చేయించడానికి ఒక కారణమని చట్టం చెప్పింది. సాక్ష్యాధారాల చట్టం ప్రకారం అద్దెదారు తనను ఇంట్లో పెట్టిన యజమాని హక్కును ప్రశ్నించలేడు గాని, ఆ యజమాని నుంచి కొన్నానంటూ వచ్చినవాడు నిజంగా కొన్నాడో లేదో అడగవచ్చు. ఈ రెండింటి మధ్య సన్నని గీత మీద నడవవలసిన అద్దెదారుకు, పత్రం నకలు చూపించమని మర్యాదగా అడగడానికీ, 'నీవు యజమానివే కావు' అని రాతపూర్వకంగా జవాబివ్వడానికీ మధ్య తేడా ఇంటినే నిలపగల, పోగొట్టగల తేడా అయింది. నియంత్రణ చట్టం కింద ఖాళీ దరఖాస్తు వేసేటప్పుడు దానికి ముందు 106వ సెక్షన్ నోటీసు కూడా ఇవ్వాలా అన్న చిరకాల సందేహాన్ని, తమిళనాడు నుంచి వచ్చిన ధనపాల్ చెట్టియార్ కేసులో 1979లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కరలేదని తీర్చింది. కారణాన్ని చట్టమే నిర్దేశించినప్పుడు, ఒప్పంద కాలపు నోటీసు నిరర్థక లాంఛనమని దాని తర్కం.

ఈ రక్షణ అందరికీ అందలేదు. కొత్త నిర్మాణాలను ప్రోత్సహించడానికి 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలను 1960 చట్టం తన పరిధి నుంచి మినహాయించింది. ఏళ్లు గడిచేకొద్దీ నగరాల్లో ఆ తేదీకి ముందు కట్టిన ఇళ్ల వాటా తగ్గి, మినహాయింపే నియమంగా మారసాగింది. 1983 అక్టోబరులో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ స్థిరమైన తేదీ ఇక సమంజసం కాదని, సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరులో 636వ నంబరు ఉత్తర్వు ద్వారా, కట్టిన నాటి నుంచి 10 ఏళ్లు నిండని భవనాలకూ, నెలకు 1,000 రూపాయలకు మించిన అద్దె గల భవనాలకూ మినహాయింపునిచ్చింది. 2005లో చేసిన సవరణ ఆ పరిమితులను మార్చి, కార్పొరేషన్లలో 3,500 రూపాయలకూ ఇతర పట్టణాల్లో 2,000 రూపాయలకూ మించిన అద్దెలను చట్టం వెలుపల ఉంచింది. హైదరాబాదు పాత బజార్లలోని మడిగెల్లో దశాబ్దాల నాటి అద్దెలకు కొనసాగుతున్న కుటుంబాలు నియంత్రణ చట్టం నీడలో మిగలగా, కొత్త కాలనీల్లోని అపార్టుమెంట్ల అద్దెదారులు అధిక శాతం 1882 నాటి 106వ సెక్షన్‌కూ, దాని 15 రోజులకూ తిరిగి చేరారు.

పొలంలో కొనుగోలు హక్కు

ఇళ్ల విషయంలో చట్టం వ్యవధి దగ్గర ఆగిపోగా, పొలాల విషయంలో మరో అడుగు ముందుకు వేసి కౌలుదారును కొనుగోలుదారుగా నిలబెట్టింది. నిజాం రాజ్యంలో కౌలుదార్లను భూముల నుంచి బలవంతంగా తొలగించే బేదఖళ్లు 1940ల రైతు ఉద్యమానికి ప్రధాన కారణాల్లో ఒకటి. ఆ నేపథ్యంలో వచ్చిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం, నిర్దేశిత కాలం భూమిని సాగు చేసినవారిని రక్షిత కౌలుదార్లుగా గుర్తించి వారి పేర్లను రిజిస్టర్లలోకి ఎక్కించింది. రక్షిత కౌలుదారు సాగులో ఉన్న భూమిని యజమాని అమ్మదలిస్తే ముందుగా అతనికే రాతపూర్వకంగా తెలియజేసి కొనుక్కొమ్మని అడగాలని 38-డి సెక్షన్ విధించగా, 38-ఇ సెక్షన్ ప్రభుత్వ ప్రకటన ద్వారా యాజమాన్యాన్నే అతనికి బదిలీ చేసే మార్గం తెరిచింది. 1973 నాటి ప్రకటనలతో ఈ సెక్షన్ తెలంగాణ జిల్లాల్లో విస్తృతంగా అమలుకు వచ్చింది. అందువల్ల హైదరాబాదు పరిసరాల్లో నేటికీ భూమి కొనేవారు అమ్మేవాడి దస్తావేజులతో తృప్తిపడక, 1950ల నాటి రక్షిత కౌలుదార్ల రిజిస్టరునూ ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డునూ తిరగేస్తారు. వాస్తవ స్వాధీనం కొన్నవాడికి తెలియజేస్తుందన్న 1929 నాటి సూత్రం ఇక్కడ మరో రూపం దాల్చింది: పొలంలో ఇవాళ ఎవరూ కనిపించకపోయినా, రిజిస్టరులోని పేరే మాట్లాడుతుంది.

ఆంధ్ర జిల్లాలకు 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం వర్తించింది. 1974 సవరణ తరువాత దాని ప్రకారం కౌలు కనీస గడువు 6 ఏళ్లుగా ఉండేది. భూమి అమ్మదలచిన యజమాని సాగుదారుకే ముందుగా నోటీసిచ్చి, కొనే అవకాశాన్ని అతనికివ్వవలసి ఉండేది. అయితే ఈ ఉదారమైన నిబంధన పల్లెల్లో విపరీత ఫలితాన్నిచ్చింది. కాగితం రాస్తే 6 ఏళ్లు కదల్చలేమనీ, అమ్మేటప్పుడు అడ్డుపడతాడనీ భావించిన భూస్వాములు కాగితమే రాయడం మానేశారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కౌలు ఏడాదికోసారి నోటిమాటగా కుదిరి, పంట చేతికొచ్చాక ముగిసే ఒప్పందంగా స్థిరపడింది. కౌలుదారుకు రక్షణగా రాసిన చట్టం అతని పేరునే రికార్డుల్లోంచి చెరిపివేయడానికి కారణమైంది. పేరు లేకపోవడంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం కూడా అతని చేతికి రాలేదు.

పదకొండు నెలల కాగితం

రికార్డుల్లో కౌలుదారు పేరు లేని ఈ మరుగును కొంతైనా తొలగించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ఆ చట్టాన్నీ 1956 నాటి కౌలుదారీ చట్టాన్నీ కూడా రద్దు చేసి, భూయజమానితో 11 నెలల ఒప్పందం రాసుకున్న సాగుదారుకు పంట మీద మాత్రమే హక్కునూ, రుణానికి అర్హతనూ కల్పించింది. కౌలుదారుకు భూమి మీద హక్కు రాదన్న భరోసా ఇస్తేనే యజమాని సంతకం పెడతాడన్నది ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచన.

ఈ 11 నెలల అంకె పొలానికి కొత్తదేమో గాని, పట్టణపు ఇళ్లకు చాలా పాతది. ఏడాదికి మించిన కౌలునూ, ఏటేటా సాగే కౌలునూ రిజిస్టరు చేయించాలని 1882 చట్టంలోని 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం రెండూ కోరుతాయి. స్టాంపు ఖర్చునూ కార్యాలయపు తిప్పలనూ తప్పించుకోవడానికి 11 నెలలకు రాసుకుని, తీరాక మళ్లీ రాసుకోవడం దేశమంతటా అలవాటైంది. ఈ అలవాటు వల్ల 109వ సెక్షన్ ఇచ్చిన రక్షణ దానంతటదే కుంచించుకుపోయింది. కొన్నవాడు పాత కౌలు గడువును గౌరవించాలని చట్టం చెబుతూనే ఉంది, కానీ గౌరవించడానికి మిగిలేది కొద్ది నెలలే. గడువు తీరాక కొత్త కాగితం రాయకుండా అద్దె సాగితే, అది నెలనెలా సాగే కౌలుగా మారి 15 రోజుల నోటీసు దగ్గరికి వస్తుంది. ఇల్లు అమ్ముడైనప్పుడు అద్దెదారు మొదట అడగవలసింది యజమాని ఎవరన్నది కాక, తన కాగితం ఏ తేదీతో ముగుస్తుందన్నది కావడానికి కారణం ఇదే. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు సంగతి కూడా ఈ తేదీతోనే ముడిపడి ఉంటుంది; అమ్మేవాడు ఆ సొమ్మును అమ్మకపు ధరలో సర్దుబాటు చేసినట్టు విక్రయ పత్రంలో రాయకపోతే, ఖాళీ చేసే రోజున దానిని ఎవరి దగ్గర అడగాలన్న తగాదా తప్పదు.

2021లో కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన నమూనా కౌలు చట్టం ఈ పరిస్థితిని మార్చాలని ప్రయత్నించింది. ప్రతి ఒప్పందమూ రాతపూర్వకంగా ఉండి అద్దె అధికారి దగ్గర నమోదు కావాలనీ, నివాసాలకు అడ్వాన్సు 2 నెలల అద్దెకు మించరాదనీ, గడువు తీరాక ఖాళీ చేయని అద్దెదారు మొదటి 2 నెలలు రెట్టింపు, ఆ తరువాత నాలుగు రెట్లు చెల్లించాలనీ అది సూచించింది. భూమి, ఇళ్ల విషయాలు రాష్ట్రాల పరిధిలోవి కాబట్టి, రాష్ట్రాలు స్వీకరించేవరకు అది నమూనాగానే ఉంటుంది. దాని దృష్టి యజమాని మార్పు కన్నా గడువు పాటింపు మీదే ఎక్కువగా ఉండటం గమనార్హం.

రెండు వందల ఏళ్ల ఈ కథలో ఒక క్రమం కనిపిస్తుంది. జమీందారీ రైతుకు హోదా దక్కింది కాబట్టి అమ్మకాలు అతన్ని తాకలేదు. పాత నగరపు అద్దెదారుకు కారణం చూపించమనే హక్కు దక్కింది కాబట్టి కొన్నవాడు వేచి ఉండవలసి వచ్చింది. ఒప్పందం మీద మాత్రమే ఆధారపడినవారికి ఆ ఒప్పందం ఎంత పొడవుంటే రక్షణ అంతే. చట్టం కౌలును ఆస్తికి కట్టేసినప్పుడల్లా యజమానులు ఆ కట్టును తెంచడానికి ప్రయత్నించలేదు, తాడునే పొట్టిగా కోసుకున్నారు. ఖౌల్ అంటే మాట అయినప్పుడు, ఇల్లు చేతులు మారినా ఆ మాట నిలుస్తుందని 1882లోనే చట్టం ఒప్పుకుంది. ఆ మాట ఎంతకాలానికి ఇవ్వాలన్నది మాత్రం ఇచ్చేవాడి చేతిలోనే ఉండిపోయింది.